సోమవారం కుర్చీలు

సాల్ట్ ఫోర్క్
మార్చి 18, 2024

రేలిన్ తల్లీ,

నీ ఉత్తరం శుక్రవారం చేరింది. అక్కడ పెట్టే చిక్కుడు గింజల మీద నువ్వు పెట్టిన శాపనార్థాలు చదివి వంటింట్లో ఒక్కదాన్నే పకపకా నవ్వాను. పక్క వాటా ముసలాయన గోడ మీద దబదబా బాదాడు. ఈ వృద్ధుల వాటాల్లో నవ్వడం కూడా నిబంధనలకు విరుద్ధమే కాబోలు. జైలుకు వెళ్లొచ్చిన మనిషిని ఒక్క పూట కూడా ఉంచుకోకూడదన్నది మాత్రం నిజంగానే ఇక్కడి నిబంధన. అందుకే జూన్‌లో నువ్వు విడుదలయ్యాక నిన్ను నా దగ్గర పెట్టుకోలేను. అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

అయినా ఒక మంచి కబురు ఉంది. మత్తుకి అలవాటు చేసే నొప్పి మాత్రల కంపెనీల మీద వేసిన దావాలో రాజీ కుదిరింది కదా, ఆ సొమ్ములో మన కౌంటీ వాటా వచ్చింది. దాన్ని ఏం చెయ్యాలో తేల్చాల్సింది కౌంటీ సభలో ఉన్న మేం ముగ్గురం. అధ్యక్షుడు డోర్సీ హ్యాచర్‌కి షెరీఫ్ కోసం నాలుగు కొత్త కార్లు, జైలుకి కొత్త పైకప్పు కావాలి. "అమ్మేవాళ్లని పట్టుకోకపోతే మత్తు ఎట్టా పోద్ది ఆర్డిత్?" అంటాడు. గ్లెన్ ప్రూయిట్ మాత్రం పన్నెండు మంచాలతో ఆడవాళ్ల కోసం మత్తు మాన్పించే ఇల్లు పెడదామంటున్నాడు. మిగిలింది నేను. ముప్ఫయ్యొక్క ఏళ్లు ఈ కౌంటీ పిల్లల్ని బడి బస్సులో తిప్పినదాన్ని. నా ఓటు ఎటో నీకు వేరే చెప్పాలా? ఆ ఇల్లు తెరిస్తే మొదటి మంచం నీది. తెరవకపోతే నీకు దిక్కు లిక్ బ్రాంచ్ లోయలో ఉన్న ఆ ట్రైలర్ ఇల్లు. దానికి అటు పక్కా ఇటు పక్కా మాత్రలు అమ్మేవాళ్లే. అక్కడ నువ్వు నెల తిరక్కుండా మళ్లీ మొదలుపెడతావు. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు.

చిక్కల్లా భవనంతోనే. కౌంటీ చేతిలో ఖాళీగా ఉన్నది పాత ఫర్నిచర్ కొట్టు ఒక్కటే. అదే, పై రాష్ట్రం నుంచి వచ్చిన డాక్టరు మాత్రల క్లినిక్ పెట్టిన చోటు. పనివాళ్లు పోయిన వారం కొలతలు తీసుకోవడానికి వెళ్లి లోపల దీపాలు వెలిగించారు. పదేళ్ల తర్వాత ఆ కిటికీల్లో వెలుగు చూడటం నాకే ఏదోలా ఉంది. ఇవాళ పొద్దున అటు వెళ్తే ముందున్న జాగాలో మూడు మడత కుర్చీలు తలుపుకేసి వరసగా వేసి ఉన్నాయి. పనివాళ్లవేమో అనుకున్నాను. "మావి కాదమ్మా, మేం వచ్చేసరికే ఉన్నై" అన్నారు.

కొండ మీద అడవి ఉల్లి వచ్చింది. నిన్న బంగాళాదుంపలతో వేయించుకు తిన్నాను. నువ్వు దగ్గర లేకపోవడమే మంచిదైంది, నా నోటి వాసనకు పారిపోయేదానివి.

ప్రేమతో
ఆర్డిత్ పెద్దమ్మ


మార్చి 29

పెద్దమ్మా,

నీ ఉత్తరం నిన్న ఇచ్చారు. ఉత్తరం అంటే ఉత్తరం కాదు, దాని నకలు. కాగితాన్ని మత్తుమందులో నానబెట్టి పంపుతున్నారని అసలు కాగితాలు చించేసి నకళ్లే ఇస్తున్నారు. నీ అక్షరాలు నల్లగా, లావుగా పడతాయి. బస్సులో ఎవరి సీటు మీద వాళ్ల పేరు అంటించేదానివే, సరిగ్గా అవే అక్షరాలు. చూడగానే నాలో ఎనిమిదేళ్ల పిల్ల కదులుతుంది.

మొదటి మంచం నాదన్నావు. ఆ మాట చదివి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. కెండ్రా (నా గదిలోనే ఉంటుంది, వాళ్లదీ సాల్ట్ ఫోర్కే) "ఏంటే, ఎవరన్నా పోయారా?" అనడిగింది. "కాదే, నాకు మంచం వచ్చింది" అన్నాను. దానికేం అర్థమైందో ఏమో, నా వీపు నిమిరింది.

కాని ఆ భవనమా పెద్దమ్మా? మడత కుర్చీలని రాశావు. నీకు గుర్తులేదా, నాకు చెప్పడం ఇష్టం లేదా? సోమవారం తొమ్మిదింటికి క్లినిక్ తెరిచేవాళ్లు. ముందొచ్చిన అరవై మందికే మాత్రల చీటీలు. అందుకని ఆదివారం చర్చి అయిపోగానే జనం మడత కుర్చీ తెచ్చి వరసలో వేసి, దాని వీపు మీద కాగితపు టేపు అంటించి పేరు రాసి ఇంటికెళ్లేవాళ్లు. ఊరేగింపు రోజున రోడ్డు పక్కన చోటు పట్టుకున్నట్టే. ఒకరి కుర్చీని ఇంకొకరు జరపరు. దొంగతనాలు చేసి మాత్రలు కొనేవాడు కూడా ఎదుటివాడి కుర్చీ ముట్టుకునేవాడు కాదు. మనవాళ్ల మర్యాద అంతా ఆ ఒక్కదాంట్లోనే మిగిలింది.

నాకు పంతొమ్మిదేళ్లు. వృద్ధాశ్రమంలో ముసలివాళ్లని ఎత్తి దించి నడుం పట్టేసింది. ఆ సోమవారం అమ్మ నన్ను తీసుకెళ్లేసరికే వరసలో మూడో చోట నా పేరుతో కుర్చీ వేసి ఉంది. అమ్మ వేసింది. ఆవిడ ముందు నుంచీ అక్కడికి పోతూనే ఉంది కదా, కూతురికి కూడా చోటు పట్టింది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని ఇంకా లేవలేదు నేను. అందుకే మే నెలలో సమాధులకి పూలు పెట్టే రోజున నా తరఫున అమ్మకి పెట్టొద్దు. ప్రతి ఏడూ చెప్తాను, నువ్వు ప్రతి ఏడూ పెడతావు.

ఏ భవనమైనా సరే, నువ్వు మాత్రం ఓటు వెయ్యి.

నీ
రేలిన్

ఏప్రిల్ 9, 2024

అమ్మడూ,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. మోకాలు పట్టేసింది అని రాద్దామనుకున్నాను, కాని అది అబద్ధం.

ఆ కుర్చీలు ఇప్పుడు పదిహేడు. ఆకుపచ్చా తెలుపూ పట్టీలతో అల్లినవి, ఇప్పుడెవరూ వాడని పాత రకం. ఆదివారం మధ్యాహ్నం జాగా ఖాళీగా ఉంటుంది. సోమవారం పొద్దున నేను కాఫీ తాగి వెళ్లేసరికి మంచులో వరసగా నిలబడి ఉంటాయి. వాన కురిసినా పట్టీలు తడవవు. వాటి వీపు మీద టేపు, టేపు మీద పేర్లు. ఒక్కొక్క పేరూ చదువుకుంటూ నడిచాను. రేలిన్, ఆ పిల్లలందరూ నా బస్సు ఎక్కినవాళ్లే. ఎవరు ఏ మలుపు దగ్గర ఎక్కేవాళ్లో, ఎవరికి కడుపులో తిప్పేదో, ఎవరు వెనక సీట్లో సిగరెట్ తాగి నాతో తిట్లు తినేవాళ్లో అన్నీ గుర్తొచ్చాయి. పదిహేడు మందీ పోయినవాళ్లే. పదిహేడు మందీ మాత్రలతోనో, మాత్రలు దొరక్క వాటి తర్వాత ఊళ్లోకి వచ్చిన మత్తుపొడితోనో పోయారు.

డోర్సీకి చూపించాను. "ఎవరో కడుపు మండినోళ్లు వేసుంటారు ఆర్డిత్. మన మీద ఒత్తిడి పెట్టడానికి. ఇట్టాంటి నాటకాలకి నేను బెదిరే రకం కాదు" అని షెరీఫ్ డిప్యూటీలని పిలిచి ట్రక్కులో ఎక్కించాడు. రోడ్ల శాఖ గిడ్డంగిలో పెట్టి తాళం వేశారు. మరుసటి సోమవారం చూస్తే గిడ్డంగి తాళం వేసినట్టే ఉంది, కుర్చీలు వరసలో ఉన్నాయి. డిప్యూటీ కుర్రాళ్లలో ఒకడు నాతో గుసగుసగా అన్నాడు: "నేను మాత్రం ఇంకోసారి ముట్టుకోను. ఎత్తుతుంటే బరువుగా ఉన్నై, మనిషి కూర్చున్నట్టు."

మీ అమ్మ ట్రెస్సీ కుర్చీ కూడా ఉంది. రెండోది. దాని ముందు నిలబడి "ఏమే చెల్లీ" అన్నాను.

నీ పేరు అక్కడ లేదు. అడుగుతావని ముందే చెప్తున్నాను.

జాగ్రత్త తల్లీ. మెతుకు మిగల్చకుండా తిను.
పెద్దమ్మ


ఏప్రిల్ 20

పెద్దమ్మా,

నేను అడగకముందే నా పేరు లేదని ఎందుకు రాశావు?

కెండ్రాని చూడటానికి వాళ్లమ్మ వచ్చింది. ఊరంతా ఆ కుర్చీల సంగతేనట. చర్చిలో పాస్టరు దాని మీదే ప్రసంగం చేశాడట. ఎవరికి తోచింది వాళ్లు చెప్తున్నారు. పిల్లలు పోయిన తల్లులు మాత్రం తెల్లారకుండానే వెళ్లి వాళ్ల వాళ్ల కుర్చీ పక్కన నిలబడుతున్నారట. కూర్చోరు, పక్కన నిలబడతారు. కెండ్రా వాళ్లన్న కుర్చీ కూడా ఉంది. వాళ్లమ్మ దాని చేతి మీద పళ్లెంలో బిస్కట్ రొట్టె పెట్టి వచ్చిందట, మాంసం పులుసు పోసి. మర్నాడు చూస్తే పళ్లెం శుభ్రంగా ఉందట. "ఏ కుక్కో తినుంటుంది" అన్నాను. కెండ్రా నా వంక చూసి, "కుక్కలు ఆ జాగాలోకి రావే" అంది.

వెళ్లేటప్పుడు వాళ్లమ్మ నన్ను అదోలా చూసింది. కెండ్రాని అడిగితే నోరు విప్పదు. నేను పిచ్చిదాన్ని కాను పెద్దమ్మా. నాకిక్కడ గోడలు తప్ప ఏమీ లేవు. నిజం చెప్పగలిగేది నువ్వొక్కదానివే. నా కుర్చీ ఉందా?

రేలిన్

సాల్ట్ ఫోర్క్
ఏప్రిల్ 30

రేలిన్,

ఉంది.

నేను నీకు రాసిన రోజునే ఉంది. అబద్ధం రాశాను. మీ అమ్మ కుర్చీ పక్కనే, మూడోది. ఇప్పుడు మొత్తం నలభై ఒకటి. నలభై మంది పోయినవాళ్లు, నువ్వొక్కదానివే బతికున్నదానివి.

నీకు తెలుసు కదా, నేను మెత్తని మనిషిని కాదు. మంచు మీద జారే బస్సుని, వెనక నలభై మంది పిల్లలు కేకలు పెడుతుంటే, లోయ అంచున ఆపినదాన్ని. అలాంటిది ఆ మూడో కుర్చీ చూసిన రోజు కారు తాళం చెవి రెండుసార్లు కింద పడేసుకున్నాను. వాళ్లు నిన్ను పిలుస్తున్నారు. జూన్‌లో నువ్వు బయటికొచ్చి ఆ తలుపులోకి అడుగుపెట్టడం కోసం చోటు పట్టి కూర్చున్నారు. నీ కుర్చీని తీసుకొచ్చేద్దామని వెళ్లాను. చెయ్యి వేశాను. కాని జరపలేకపోయాను. బరువై కాదు. ఒకరి కుర్చీ జరపకూడదని పుట్టినప్పటి నుంచీ ఒంట్లో ఇంకిపోయింది, చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసింది.

మే 14న ఓటు. ఆలోచించి ఆలోచించి తేల్చుకున్నాను. ఆ భవనానికి నేను ఒప్పుకోను. డోర్సీకి తన కార్లు రానీ, పైకప్పు రానీ. నిన్ను ఎలాగైనా పక్క కౌంటీలో ఎక్కడో పెట్టి కాపాడుకుంటాను. ఎలాగని అడగొద్దు, నాకింకా తెలియదు. గ్లెన్‌కి చెప్పాను. "ఆర్డిత్, ఇది పోతే మళ్లీ ఇరవై ఏళ్లకి కూడా రాదు" అన్నాడు. "నాకున్నది ఒక్క పిల్ల గ్లెన్" అన్నాను.

నన్ను తిట్టుకో. ఫరవాలేదు.
ఆర్డిత్


మే 6

నా బంగారు పెద్దమ్మా!

మొత్తానికి దొరికిపోయావు!

కెండ్రాకి వాళ్లమ్మ ఫొటో పంపింది. నకలే అనుకో, అయినా స్పష్టంగా ఉంది. నా కుర్చీ ఫొటో. టేపు మీద పేరు. నీ ఏప్రిల్ ఉత్తరం తీసి పక్కన పెట్టాను. నల్లగా, లావుగా, కుడి పక్కకి ఒరిగిన అవే అక్షరాలు. నా పేరు నువ్వు రాసినట్టు ప్రపంచంలో ఎవరూ రాయరు. అంటే కుర్చీలు వేస్తున్నది నువ్వన్నమాట! అరవై నాలుగేళ్ల వయసులో, మోకాళ్ల నొప్పులతో, డోర్సీ కళ్లు తెరిపించడానికి నలభై ఒక్క కుర్చీలు మోస్తున్నావన్నమాట! డిప్యూటీ గుసగుసలు, తడవని పట్టీలు, ఎంత చక్కగా అల్లావే! ఉత్తరాలు ఈ జైలువాళ్లు చదువుతారు కాబట్టి ఒప్పుకోలేకపోతున్నావు, నాకు అర్థమైంది. కెండ్రాకి చెప్తే కడుపు పట్టుకుని నవ్వింది. చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వాం.

కాని ఆ భవనానికి ఒప్పుకోనని రాశావు, అది మాత్రం నాటకంలో భాగమే అని ఒట్టేసి చెప్పు. నిజంగా అలా చేస్తే నేను నిన్ను క్షమించను. ఎందుకో చెప్తాను. నువ్వు వేసినా, దేవుడు వేసినా, ఆ కుర్చీల గురించి నేను రాత్రీ పగలూ ఆలోచించాను. వాళ్లు నన్ను పట్టుకుపోవడానికి రాలేదు పెద్దమ్మా. ఆ సొమ్ము ఎవరిది? వాళ్లు పోయారు కాబట్టే కదా వచ్చింది. తలకింత అని లెక్కగట్టి ఇచ్చారు. వాళ్లకి బతికుండగా ఒక్క మంచం కూడా దొరకలేదు. ఇప్పుడు మంచాలు వస్తున్నాయని తెలిసి అందరికంటే ముందొచ్చి వరసలో నిలబడ్డారు. మనవాళ్లకి తెలిసిన పద్ధతి అదొక్కటే కదా. డోర్సీ దాంతో కార్లు కొంటే ఆ నలభై మందినీ రెండోసారి వరసలోంచి గెంటినట్టే.

ఓటు వెయ్యి. తర్వాత తీరిగ్గా నన్ను తిట్టు.

కుర్చీలు మొయ్యడానికి త్వరలో వచ్చే
రేలిన్

సాల్ట్ ఫోర్క్
మే 16

రేలిన్ తల్లీ,

నీ ఉత్తరం నాకు పదమూడో తారీకు సాయంత్రం అందింది. రాత్రంతా చదివాను. మర్నాడు పది గంటలకి సభ.

కోర్టు మేడ మీది హాలు నీకు తెలుసు, బల్లలుంటాయి. ఎనిమిదింటికి ఊడ్చే ఆమె తాళం తీసి, చీపురు అక్కడే పడేసి కిందికి పరిగెత్తుకొచ్చిందట. మేం వెళ్లేసరికి బల్లలు గోడలకి జరిపి ఉన్నాయి. హాలు నిండా ఆకుపచ్చా తెలుపూ కుర్చీలు, మా ముగ్గురికి ఎదురుగా. పేర్లు ఉన్న వీపులు మా వైపు కాదు, తలుపు వైపు. అంటే మా వైపు ముఖం పెట్టి ఉన్నాయన్నమాట. ఊళ్లోవాళ్లు మెట్ల మీద నిలబడ్డారు, ఒక్కరూ గడప దాటలేదు.

డోర్సీ ముఖం ఎర్రబడింది. "ఎవడ్రా ఈ వేషాలేసేది? ఇది సభ అనుకున్నారా, సంత అనుకున్నారా?" అని అరుస్తూ కుర్చీల మధ్యకి వెళ్లి ఒకదాని వీపు చూశాడు. అక్కడే నిలబడిపోయాడు. వెండెల్ హ్యాచర్. వాళ్ల తమ్ముడు. గుండె ఆగి పోయాడని చెప్పుకున్నారు, ఊరంతా నమ్మినట్టు నటించాం. డోర్సీ నెమ్మదిగా వచ్చి తన చోట కూర్చున్నాడు. సభ మొదలుపెట్టాడు. పద్ధతి ప్రకారం "ప్రజల్లో ఎవరైనా మాట్లాడేది ఉందా?" అని అడిగి మూడు నిమిషాలు ఆగాలి. అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు.

కాని ఆ మూడు నిమిషాల్లో నేను విన్నది ఎలా రాయను? అల్లిన పట్టీ మీద మనిషి కూర్చుని సర్దుకుంటే కీచుమంటుంది చూడు, ఆ చప్పుడు. ముందు ఒక మూల నుంచి. తర్వాత ఇంకో మూల నుంచి. చర్చిలో ప్రార్థన ఎక్కువసేపు సాగితే జనం కదిలినట్టు. గ్లెన్ నా చెయ్యి పట్టుకున్నాడు. డోర్సీ గడియారం వంక చూడలేదు. మూడు నిమిషాలూ వెండెల్ కుర్చీ వంకే చూశాడు. చివరికి "ఇంటికి ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి" అని తనే ముందు ఎత్తాడు. గ్లెన్ ఎత్తాడు. నేను కూడా ఎత్తాను. నువ్వు రాసిన మాటల వల్లే ఎత్తాను.

సంతకాలు పెట్టి తలెత్తేసరికి హాలు ఖాళీ. ఒక్కటే మిగిలింది, నీది. ఈసారి జరిపాను. మోసుకొచ్చి కారులో పెట్టాను. ఇప్పుడు నా వంటింట్లో, నాకు ఎదురుగా ఉంది. దాన్ని చూస్తూనే ఇది రాస్తున్నాను.

కుర్చీలు నేను వెయ్యలేదు రేలిన్. ఒక్కటి కూడా. కాని నీ టేపు మీద రాత నాదే. అది పదకొండేళ్ల నాటి రాత. ఈ కుర్చీ నా పాకలో ఉండేది, 2016 వరదకి పాకతో సహా ఏటిలో కొట్టుకుపోయింది.

ఆ ఆదివారం నువ్వు నడుం నొప్పితో నేల మీద పడుకుని ఏడుస్తున్నావు. నేను మీ అమ్మతో, "నీ డాక్టరు దగ్గరికి పిల్లని తీసుకెళ్లరాదా?" అన్నాను. ట్రెస్సీ వద్దంది. నా కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. "అక్కా, వద్దే. అది మంచి చోటు కాదు. నేనెట్టాగూ పోయాను, దాన్ని పంపకు" అంది. నేను దాన్ని కసిరాను. "నీకైతే కావాలి, కన్నపిల్లకి మాత్రం నొప్పి ఉండాలా?" అన్నాను. డాక్టరంటే డాక్టరే కదా అనుకున్నాను. మధ్యాహ్నం నా కుర్చీ తీసుకెళ్లి, ట్రెస్సీ కుర్చీ పక్కన వేసి, టేపు మీద నీ పేరు రాసి వచ్చాను. చోటు దొరికిందని సంతోషపడ్డాను కూడా. వరసలో మూడోది!

మీ అమ్మ పోయాక నువ్వు దాన్నే తప్పుపట్టావు. నేను నోరు విప్పలేదు. చచ్చినదాని మీద నింద ఉంటే దానికి పోయేదేముంది, నా దగ్గరికి పిల్ల రావడం మానేస్తే నాకు ఎవరున్నారు అనుకున్నాను. ప్రతి మే నెలలో దాని సమాధి మీద పూలు పెట్టింది నీ తరఫున కాదు, నా సిగ్గు కొద్దీ పెట్టాను.

ఇది చదివాక నువ్వు నా ముఖం చూడనంటే నాకు అడిగే హక్కు లేదు. మొదటి మంచం మాత్రం నీదే. అది నేను ఇస్తున్నది కాదు. జూన్ 11న, నువ్వు రానిస్తే, ఎనిమిదింటికి గేటు దగ్గర ఉంటాను. రావద్దంటే గ్లెన్‌ని వ్యాను పంపమంటాను.

ఆర్డిత్


మే 27

ఆర్డిత్,

నీ ఉత్తరం ఇచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు చదివి చించేశాను. కెండ్రా ముక్కలు ఏరి దాచింది. రెండో రోజు ముక్కలు పేర్చుకుని మళ్లీ చదివాను.

పదకొండేళ్లు మా అమ్మని అసహ్యించుకున్నాను. ఆ రోజు నడుం నొప్పిలో టేపు మీద రాత ఎవరిదో చూడనే లేదు. ఆవిడ చచ్చిపోతున్నప్పుడు పక్క గదిలో ఉండి కూడా వెళ్లలేదు. "నువ్వే కదా నన్ను వరసలో పెట్టావు" అన్నాను తలుపు ఇవతల నుంచి. ఆవిడ కాదనలేదు. నీ పేరు చెప్పలేదు. ఆ సంగతి నీకు తెలియాలని రాస్తున్నాను. నువ్వు నా దగ్గర్నుంచి అమ్మని రెండుసార్లు తీసుకుపోయావు.

ఇవాళ సమాధులకి పూలు పెట్టే రోజు. నువ్వు కొండ మీద ఉండి ఉంటావు. ఇవాళ మాత్రం నా తరఫున పెట్టి ఉంటే బాగుండునని తెల్లారినప్పటి నుంచీ అనుకుంటున్నాను. చెప్పడానికి దారి లేదు.

ఆ ఇంటికి వస్తాను. అది అమ్మ సొమ్ము, కెండ్రా వాళ్లన్న సొమ్ము, వెండెల్ సొమ్ము. నీకు మొహం చూపించకుండా వ్యానులో వద్దామనే నిశ్చయించుకున్నాను. ఈ ఉత్తరం అక్కడితో ఆపేద్దామనుకున్నాను.

కాని పొద్దున మమ్మల్ని లెక్కపెట్టడానికి పెరట్లోకి వదిలారు. పొగమంచు పట్టి ఉంది. రెండు ముళ్ల కంచెల మధ్య, మనుషులు పోవడానికి వీల్లేని ఆ సందు చివర, గేటు తీసి ఉంది. అది ఎప్పుడూ తీసి ఉండదు. లోపల ఒక మడత కుర్చీ. ఆకుపచ్చా తెలుపూ. కెండ్రాకి చూపించాను, "ఏదే?" అంది. దానికి కనపడలేదు. దగ్గరికెళ్లాను. కాపలా మనిషి నన్ను కేక వెయ్యలేదు. అసలు చూడనే లేదు.

టేపు మీద ఆర్డిత్ అని ఉంది. మా అమ్మ రాత. సన్నగా, గొలుసుకట్టుగా, పుట్టినరోజు కార్డుల మీద రాసినట్టు. పోయినవాళ్ల వరసలో నీకు చోటు పట్టింది. కోపంతో పట్టిందో ప్రేమతో పట్టిందో నాకు తెలియలేదు. మన ఇంట్లో ఆ రెండూ ఎప్పుడు విడివిడిగా ఉన్నాయి గనక?

కూర్చో, కూర్చుని ఆర్డిత్ కోసం చోటు కాపాడు అని ఒక మనసు చెప్పింది. నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం నాకు సంతోషం కూడా వేసింది. ఆ తర్వాత "అమ్మా, వద్దు" అన్నాను. పైకే అన్నాను. కుర్చీ మడిచేశాను. ఒకరి కుర్చీ జరపడం నా జన్మలో ఇదే మొదటిసారి. చాలా బరువుగా ఉంది పెద్దమ్మా, చేతులు ఇంకా లాగుతున్నాయి. టేపు పీకాను. దాచుకోవడానికి ఇక్కడ చోటుండదు, పారేస్తే మళ్లీ ఎక్కడ అంటుకుంటుందో తెలియదు. అందుకని నోట్లో పెట్టుకుని నమిలి మింగేశాను.

పదకొండో తారీకున ఎనిమిదింటికి గేటు దగ్గర ఉండు. ఈలోపు మోకాలికి మందు రాసుకో, వానలో కారు తియ్యకు, వేళకి తిను. నా కోపం ఇంకా మొదలు కూడా కాలేదు. అది తీరాలంటే నువ్వు చాలా ఏళ్లు బతకాలి.

రేలిన్